కొత్త సభ్యులు ఏడాది తిరక్కుండానే ఎందుకు మానేస్తున్నారు? లయన్స్ క్లబ్బు మెంబర్‌షిప్ చైర్మన్‌ గారికి జవాబు

మీరు అడిగింది ఇదీ: మునిసిపాలిటీ స్థాయి ఊళ్లో 38 మంది ఉన్న లయన్స్ క్లబ్బు మీది. గత జూలైలో ఒకేసారి 12 మంది చేరారు. మార్చి వచ్చేసరికి వాళ్లలో ఏడుగురు కనపడటం మానేశారు. వచ్చే జూలై నుంచి మెంబర్‌షిప్ చైర్మన్ బాధ్యత మీది. కొత్తవాళ్లను ఎలా నిలుపుకోవాలి, మానేసిన ఏడుగురిని మళ్లీ పిలవాలా వద్దా?

సూటిగా చెబుతాను. చేరిన నెల రోజుల్లో చేతికి ఒక పని, మాట్లాడుకోవడానికి ఇద్దరు మనుషులు దొరకని సభ్యుడు నిలబడడు. తీరిక లేదు, డబ్బు సర్దుబాటు కావట్లేదు అనేవి చాలాసార్లు వెళ్లేటప్పుడు చెప్పే మర్యాద మాటలు. అదే మనిషి గుడి కమిటీకో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కో వారానికి నాలుగు గంటలు పెడుతూనే ఉంటాడు. కాబట్టి మీ శక్తినంతా మూడు చోట్ల పెట్టండి: తీసుకునే ముందు తొందరపడకపోవడం, స్పాన్సర్‌ను, అంటే కొత్తవాడి పేరు ప్రతిపాదించిన సభ్యుణ్ని, బాధ్యుణ్ని చేయడం, మొదటి 90 రోజుల్లో పని అప్పగించడం. శాలువాలు, బొకేలు, ఫ్యామిలీ నైట్లు వీటి తర్వాతే.

ముందుగా మీ 12 అంకె గురించి. జూలైలో ఒకేసారి 12 మంది అనగానే నాకు అనుమానం వస్తుంది. ఇన్‌స్టలేషన్ రోజున, అంటే కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకునే సభలో, డిస్ట్రిక్ట్ గవర్నర్ (మన ప్రాంతపు లయన్స్ క్లబ్బులన్నిటికీ పెద్ద) గారి ముందు వరసగా నిలబెట్టడానికి చేర్చిన అంకె అది కావచ్చు. ప్రెసిడెంట్ తన జేబులోంచి డ్యూస్ (సభ్యత్వ రుసుము) కట్టి బావమరిదిని, షాపులో గుమాస్తాని, పక్క వీధి స్నేహితుణ్ని చేర్చేయడం మన వైపు మామూలైపోయింది. సొంత డబ్బు కట్టని మనిషికి క్లబ్బు తనదనిపించదు, మానేయడానికి సంకోచమూ ఉండదు. మీ ఏడుగురిలో ఇలాంటి పేరుకు సభ్యులు ఎంతమందో ముందు తేల్చండి. నలుగురు అయితే మీ సమస్య నిలుపుకోవడంలో లేదు, తీసుకోవడంలోనే ఉంది.

తీసుకునే ముందు

లయన్స్‌లో సభ్యత్వం ఆహ్వానం మీదే ఇస్తారు. ఉన్న సభ్యుడు ఒకరు పేరు ప్రతిపాదించాలి, బోర్డు ఆమోదించాలి. ఈ ఆమోదాన్ని చాలా క్లబ్బుల్లో సెక్రటరీ ఫోన్లోనే కానిచ్చేస్తారు. మీరు అలా చేయకండి. ప్రతిపాదన వచ్చిన రోజు నుంచి కనీసం రెండు నెలలు ఆగి, ఆ లోపు ఆ మనిషిని అతిథిగా రెండుసార్లు పిలవండి. మొదటి పిలుపు ప్రాజెక్టుకు, రెండోది మీటింగుకు. ఈ వరస తిరగేయకండి. హోటల్లో డిన్నర్ మీటింగుకు ముందు వచ్చినవాడు క్లబ్బంటే అదే అనుకుంటాడు. ఆదివారం పొద్దున ప్రభుత్వ పాఠశాలలో కంటి శిబిరానికి వచ్చి, గంటసేపు కుర్చీలు సర్ది, చెమటతో ఇంటికెళ్లి, ‘మళ్లీ ఎప్పుడండీ’ అని అడిగినవాడు మీకు కావాల్సిన మనిషి.

రెండోది, ఖర్చు మొత్తం కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్కసారి కట్టే ప్రవేశ రుసుము, ఇంటర్నేషనల్ డ్యూస్, మల్టిపుల్ (కొన్ని డిస్ట్రిక్టులు కలిసిన సంఘం), డిస్ట్రిక్ట్ డ్యూస్, క్లబ్బు సొంత చందా, మీటింగు భోజనం, ప్రాజెక్టులకు మామూలుగా వేసుకునే విరాళం, ఇన్‌స్టలేషన్ సువనీర్‌కు (ప్రత్యేక సంచికకు) ప్రకటన, ఫ్యామిలీ నైట్ వాటా ఇవన్నీ విడివిడిగా ఉండాలి. ఉదాహరణకు, ‘ఏడాదికి ఆరు వేలండీ’ అని చేర్చుకుంటారు. నెలకు రెండు మీటింగులు, భోజనానికి మూడు వందల చొప్పున వేసినా అదే ఏడాదికి 7,200 అవుతుంది. ఆరు వేలు అనుకుని వచ్చినవాడికి విరాళాలు కలపకుండానే 13,200 తేలుతుంది. అతను గొడవ పడడు, మెల్లగా రావడం తగ్గిస్తాడు. ముందే 13,200 అని చెబితే కట్టగలిగినవాడు సంతోషంగా కడతాడు, కట్టలేనివాడు మర్యాదగా తప్పుకుంటాడు. ఇద్దరికీ మంచిదే.

భార్యాభర్తలు ఇద్దరూ చేరాలనుకుంటే ఫ్యామిలీ మెంబర్‌షిప్ గురించి తప్పకుండా చెప్పండి. ఒకే ఇంట్లో మొదటి సభ్యుడు ఇంటర్నేషనల్ డ్యూస్ పూర్తిగా కడితే మిగతావాళ్లకు అందులో సగమే పడుతుంది. ఇది తెలియక రెండు పూర్తి చందాలు కట్టిన జంటలున్నాయి.

ఇంకొకటి. కొందరు సరుకు అమ్ముకోవడానికే చేరతారు. బీమా, చిట్టీలు, ప్లాట్లు, చెయిన్ వ్యాపారాలు ఏవైనా కావచ్చు. వాళ్లను వద్దనక్కర్లేదు, మంచి కార్యకర్తలూ అందులో ఉంటారు. అయితే మొదటి ఆరు నెలలు క్లబ్బు గ్రూపులోనూ, మీటింగులోనూ వ్యాపారం మాట ఎత్తకూడదని చేర్చుకునేటప్పుడే చెప్పండి. అలాంటివాడు ఒక్కడుంటే చాలు, తక్కిన కొత్తవాళ్లు వీళ్లంతా ఇందుకే పిలిచారనుకుంటారు.

చేర్చుకునే రోజు

గవర్నర్ గారి సభలో 12 మందిని వరసగా నిలబెట్టి ప్రమాణం చేయించి పిన్నులు పెడితే ఎవరి పేరూ ఎవరికీ గుర్తుండదు. మామూలు మీటింగులో, ఒక విడతకు ఇద్దరు ముగ్గురికి మించకుండా చేయండి. భార్యనో భర్తనో కూడా పిలవండి. పిన్ను స్పాన్సరే పెట్టాలి. పరిచయం కూడా అతనే మూడు వాక్యాల్లో చెప్పాలి: ఏం చేస్తారు, ఎక్కడుంటారు, ఏ పని మీద ఇష్టం. ‘ప్రముఖ వ్యాపారవేత్త, సేవాతత్పరులు, స్నేహశీలి’ లాంటి పరిచయంతో ఎవరికీ ఏమీ తెలియదు. ‘గాంధీ బొమ్మ సెంటర్లో మోటారు వైండింగ్ షాపు, పిల్లల చదువుల పనులంటే ఇష్టం’ అంటే మర్నాడే ఒకరిద్దరు ఆ షాపుకు వెళ్తారు.

అదే రోజు చేతికివ్వాల్సినవి: పేరు తెలుగులో పెద్దక్షరాలతో ఉన్న బ్యాడ్జి, సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా, ఏడాది ప్రాజెక్టుల క్యాలెండర్, కట్టిన డబ్బుకు రసీదు. రసీదు చిన్న విషయంలా కనిపిస్తుంది. లెక్క సరిగ్గా ఉండే క్లబ్బా కాదా అన్నది కొత్తవాడు మొదట చూసేది అక్కడే.

వాట్సాప్ గ్రూపులో చేర్చడమే స్వాగతం అనుకోకండి. చేరిన రోజే గుడ్ మార్నింగులు, పెళ్లిరోజు శుభాకాంక్షలు, అవే శాలువా ఫొటోలు రోజుకు వంద పడితే గ్రూపును మ్యూట్‌లో పెడతాడు. ఆ తర్వాత ప్రాజెక్టు తేదీ కూడా చూడడు. రెండు గ్రూపులు పెట్టండి: ఒకటి ప్రకటనలకు, అందులో అడ్మిన్లే రాయాలి. రెండోది కబుర్లకు, అందులో ఉండాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. మొదటి నెల ముఖ్యమైన ప్రతి కబురూ ఫోన్ చేసి చెప్పండి.

మొదటి 90 రోజులు

అసలు పని ఇక్కడుంది. మూడు రోజుల్లో సెక్రటరీ ఫోన్ చేయాలి. వారంలో స్పాన్సర్ అతని షాపుకో ఇంటికో వెళ్లి టీ తాగి రావాలి. నెలలో మొదటి పని అందాలి. రెండో నెలలో ఒక బోర్డు మీటింగుకు పిలిచి, ఓటు లేకపోయినా కూర్చోబెట్టి, జమాఖర్చులు చూపించాలి. తొంభయ్యో రోజు దగ్గర్లో మీరు స్వయంగా ఇరవై నిమిషాలు కూర్చుని మూడు ప్రశ్నలు అడగాలి: ఏ పని నచ్చింది, ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది, క్లబ్బులో ఎవరెవరితో పరిచయమైంది. మూడో ప్రశ్నకు స్పాన్సర్ పేరొక్కటే వస్తే ప్రమాదం. ఆ స్పాన్సర్‌కు బదిలీ అయినా, ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చినా ఇద్దరూ కలిసే పోతారు.

మొదటి పని ఎలా ఉండాలి? మొదలూ చివరా తెలిసేది, ఒకటి రెండు గంటల్లో అయిపోయేది, అతను రాకపోతే నిజంగా ఆగిపోయేది. మూడోది మరీ ముఖ్యం. ‘ఊరికే రండి సార్, అందరం ఉంటాం’ అంటే ఆ మనిషి అవసరం లేదని చెప్పినట్టే.

కంటి శిబిరాన్నే తీసుకోండి. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేరు, వయసు, ఊరు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు రాసి టోకెన్ ఇవ్వడం. చూపు పరీక్ష చార్టుకు ఆరు మీటర్ల దూరం టేపుతో కొలిచి నేల మీద గీత గీసి, అక్కడ కుర్చీ వేసి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టడం. శుక్లాల ఆపరేషన్‌కు ఎంపికైనవాళ్ల పేర్లు విడిగా రాసి, ఏ రోజు ఎన్ని గంటలకు బస్సు, ఏ కాగితాలు తేవాలి, వాడుతున్న మందులు వెంట తెచ్చుకోవాలని వాళ్లకూ, వెంట వచ్చినవాళ్లకూ చెప్పడం. ఇవన్నీ కొత్తవాడు పది నిమిషాల్లో నేర్చుకునే పనులు.

ఇంట్లో ఒకరి నంబరు ఎందుకంటే, శిబిరానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది దగ్గర ఫోన్ ఉండదు. ఆ నంబరుతో ఇంకో పని ఉంది. మన క్లబ్బులు దాన్ని పూర్తిగా వదిలేశాయి. ఆపరేషన్ అయిన వారానికి ఫోన్ చేసి చుక్కల మందు సమయానికి వేసుకుంటున్నారా, కంట్లో నీళ్లు పడకుండా చూసుకుంటున్నారా, డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ గుర్తుందా, నొప్పి, ఎరుపు ఏమైనా ఉన్నాయా అని అడగడం. నొప్పి గానీ, చూపు తగ్గడం గానీ ఉందంటే సలహాలేమీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి. కొత్త సభ్యుడికి ఇలాంటి ఎనిమిది పది నంబర్లు రాసివ్వండి. గంట పని. ‘బాబూ, ఇప్పుడు గోడ మీద క్యాలెండర్ అంకెలు కనబడుతున్నాయి’ అని ఒక ముసలమ్మ ఫోన్లో అన్నాక, ఆ సభ్యుణ్ని నిలుపుకోవడానికి మీరు ప్రత్యేకంగా చేయాల్సింది పెద్దగా ఉండదు. శిబిరంలో ఫొటో దిగినవాడికి ఈ మాట వినపడదు, అందుకే అతను మూడో శిబిరానికి విసిగిపోతాడు.

రక్తదాన శిబిరంలో అయితే లోపలికి పంపే ముందు అడగాల్సినవి అడిగే బల్ల కొత్తవాళ్లకివ్వండి. వయసు 18 నుంచి 65 మధ్య, బరువు 45 కిలోలకు తగ్గకుండా, కిందటిసారి ఇచ్చి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు దాటి ఉండాలి. హిమోగ్లోబిన్ 12.5 ఉందో లేదో లోపల బ్లడ్ బ్యాంకు వాళ్లు చూస్తారు. ఆ మూడూ బయటే అడిగితే, గంట క్యూలో నిలబడి వెనక్కి వెళ్లే కాలేజీ పిల్లలు తగ్గుతారు. రక్తమంటే భయపడే సభ్యుడు కూడా ఈ బల్ల దగ్గర హాయిగా కూర్చుంటాడు.

మొదటి పనిగా ఇవ్వకూడనివి రెండున్నాయి. విరాళాల రసీదు పుస్తకం. కొత్తవాడి చేతిలో అది పెడితే తన బంధువుల దగ్గర, ఖాతాదారుల దగ్గర అడుక్కోవాలి. రెండు రసీదులు చించి, మిగతావి తనే కట్టి, పుస్తకం వాపసు చేసి, మళ్లీ రాడు. రెండోది ట్రెజరర్ పదవి. ‘కుర్రాడు చురుగ్గా ఉన్నాడు’ అని చేరిన ఏడాదే కట్టబెట్టేస్తారు, నిజానికి పాతవాళ్లెవరికీ ఆ తలనొప్పి వద్దు కాబట్టి. రెండో ఏడాది ఏదైనా కమిటీలో సభ్యుడిగా, మూడో ఏడాది ఒక ప్రాజెక్టు చైర్మన్‌గా వేస్తే సరిపోతుంది.

మీటింగులో ఏం జరుగుతోందో చూడండి

కార్డు మీద 7:30. మొదలయ్యేది 8:45. అందులో నలభై నిమిషాలు వేదిక మీదకు ఆహ్వానాలు, బొకేలు, శాలువాలు. ఠంచనుగా 7:30కి వచ్చేది కొత్తవాడొక్కడే, ఆ గంటా పావు ఖాళీ కుర్చీల మధ్య కూర్చునేదీ అతనే. ఎవరున్నా లేకపోయినా సమయానికి గంట కొట్టమని ప్రెసిడెంట్‌ను ఒప్పించండి. నాలుగైదు మీటింగుల్లో పాతవాళ్లు దారికొస్తారు.

కూర్చోవడం సంగతి. పాతవాళ్లు ముందు వరసలో ఒకచోట, కొత్తవాళ్లు వెనక గోడవారగా. మన క్లబ్బుల నమూనా నియమావళిలో లయన్ టేమర్ విధుల కింద ఒక మాట ఉంది: ప్రతి మీటింగులో కొత్త సభ్యుణ్ని వేరే వేరే గుంపుతో కూర్చోబెట్టాలని. టేమర్ అంటే జెండాలు, బ్యానర్లు, గంట మోసుకొచ్చే పని అనుకుంటారు గానీ, నాకు తెలిసి ఆ పదవిలో అన్నిటికంటే విలువైన విధి ఇదే. మీ టేమర్ గారికి ఆ పేజీ చూపించండి. మొదటి మీటింగు స్పాన్సర్ పక్కన, రెండోది నుంచి వేరే బల్ల.

మీటింగులో నవ్వులు పూయించే బాధ్యత ఉన్న టెయిల్ ట్విస్టర్ సరదా జరిమానాలు కొత్తవాడికి మొదటి రెండు మీటింగుల్లో వేయొద్దు. ఆ వేళాకోళం పాతవాళ్లకు ముచ్చట, తెలియనివాడికి అవమానం. మీటింగయ్యాక ‘ఫెలోషిప్’ పేరుతో మందు పెట్టే అలవాటుంటే దాన్ని క్లబ్బు కార్యక్రమం నుంచి పూర్తిగా వేరు చేయండి. టీచర్లు, మహిళలు, ఇంట్లో జవాబు చెప్పాల్సిన కుర్రాళ్లు ఆ ఒక్క కారణంతో, ఆ కారణం చెప్పకుండానే మానేస్తారు.

మహిళా సభ్యుల విషయం ఇంకాస్త గట్టిగా చెప్పాలి. లయన్స్‌లో 1987 నుంచి మహిళలు సభ్యులుగా ఉన్నారు. అయినా చాలా ఊళ్లలో వాళ్ల పని ఇప్పటికీ జ్యోతి ప్రజ్వలనకు పళ్లెం పట్టుకోవడం, అతిథికి బొకే ఇవ్వడం. బ్యాంకు మేనేజరును, ప్రభుత్వ డాక్టరును చేర్చుకుని ఆ పని అప్పగిస్తే ఆవిడ రెండో మీటింగుకు ఎందుకొస్తారు? నెలలో ఒక మీటింగైనా శనివారం సాయంత్రం 5:30కి పెట్టి ఏడింటికల్లా ముగించండి. లెక్కలు, ఆసుపత్రితో మాట్లాడటం, పాఠశాల ప్రాజెక్టులు వాళ్ల చేతికివ్వండి.

గైర్హాజరును ఎలా చదవాలి

హాజరు పుస్తకం పెట్టండి, మీటింగులకూ ప్రాజెక్టులకూ వేర్వేరు వరసల్లో. మీటింగుకు రాకుండా ప్రాజెక్టుకు వచ్చేవాడి గురించి బెంగ అక్కర్లేదు. రెండూ వరసగా రెండుసార్లు చెప్పకుండా తప్పితే వారం లోపు ఎవరో ఒకరు మనిషి దగ్గరికి వెళ్లాలి. వెళ్లి ‘ఎందుకు రావట్లేదండీ’ అని అడగొద్దు, దానికి అబద్ధమే జవాబుగా వస్తుంది. ‘ఆదివారం హైస్కూల్లో చూపు పరీక్షలున్నాయి, పదింటి నుంచి పదకొండు దాకా మీరు కావాలి’ అని అడగండి. వస్తానంటే సరే. రానంటే అసలు కారణం ఆ మాటల్లోనే బయటపడుతుంది.

అయితే రుతువులు గమనించండి. చార్టర్డ్ అకౌంటెంట్లు జూలై నుంచి సెప్టెంబరు చివరిదాకా రిటర్నులు, ఆడిట్లలో మునిగి ఉంటారు. బట్టల వ్యాపారులు దసరా, దీపావళి, సంక్రాంతికి దొరకరు. మార్చి, ఏప్రిల్లో టీచర్లకు పరీక్షలు. గుంటూరు వైపు మిర్చి వ్యాపారమైతే ఫిబ్రవరి నుంచి వేసవి దాకా యార్డే లోకం. చేర్చుకునేటప్పుడే ‘మీకు ఏ నెలలు కుదరవు’ అని అడిగి రాసుకుంటే, ఆ నెలల గైర్హాజరు ఇద్దరికీ తప్పుగా తోచదు. బ్యాంకు, ప్రభుత్వ ఉద్యోగులకు బదిలీ వచ్చినప్పుడు పేరు కొట్టేసి ఊరుకోకుండా, వెళ్లే ఊరి క్లబ్బుకు ఫోన్ చేసి, ట్రాన్స్‌ఫర్ కాగితం చేతికివ్వండి.

మీ పనితీరు కొలవడానికి ఎంతమంది చేరారన్న అంకె పనికిరాదు. ఈ జూలైలో చేరినవాళ్లలో వచ్చే జూలై 1న ఎందరున్నారో, స్పాన్సర్ల వారీగా చూడండి. ఒకే స్పాన్సర్ తెచ్చిన ఐదుగురిలో నలుగురు పోతే మాట్లాడాల్సింది ఆ స్పాన్సర్‌తో. ఒకరు తెచ్చినవాళ్లు ఏడాది నిలిచేదాకా ఇంకొకర్ని ప్రతిపాదించకూడదని బోర్డులో నిర్ణయం చేయించగలిగితే ఇంకా మంచిది. ప్రెసిడెంట్‌కు నచ్చదు, పట్టుబట్టండి.

ఆ ఏడుగురి సంగతి

పిలవండి, కానీ అందర్నీ ఒకేలా కాదు. జేబు డబ్బుతో చేర్చిన పేరుకు సభ్యులుంటే మర్యాదగా రాజీనామా ఉత్తరం తీసుకుని ముగించండి. మిగతావాళ్ల దగ్గరికి స్పాన్సర్‌ను పంపొద్దు, మీరే వెళ్లండి, ఒంటరిగా. బృందంగా వెళ్తే మొహమాటానికి సరే అంటారు, మళ్లీ రారు. బాకీ డ్యూస్ మాట ఆ రోజు ఎత్తకండి. విన్నది రాసుకుని, ఒక చిన్న పని అడిగి రండి. ముగ్గురిలో ఒక్కరు తిరిగొచ్చినా బాగా జరిగినట్టే.

ఇదంతా జూన్ రెండో వారానికల్లా పూర్తి చేయండి. ఇంటర్నేషనల్ డ్యూస్ బిల్లు ఏడాదికి రెండుసార్లు, జూలైలోనూ జనవరిలోనూ, అప్పటికి జాబితాలో ఉన్న పేర్లన్నిటికీ వస్తుంది. జూన్ 30 లోపు బోర్డు తీర్మానం రాసి, సెక్రటరీ చేత లయన్స్ ఆన్‌లైన్ పోర్టల్లో పేర్లు తీయించకపోతే, రాని మనుషుల డ్యూస్ వచ్చేవాళ్ల చందాలోంచి కట్టాల్సి వస్తుంది. 38 కాస్తా 33 అయిందని ఎవరైనా మూతి ముడిస్తే ముడవనివ్వండి.